బెండకాయలకి మార్కులు వేసిన రోజు

ఈ మూల్యాంకనం అనే వృత్తిలోకి మీలో ఎవరైనా దిగబోతుంటే ఒక మాట ముందే చెబుతున్నాను. మీరు చేసే పని ఏమిటో మీ ఇంట్లోవాళ్లకి చచ్చినా అర్థం కాదు. మా ఆయనకి ఇప్పటికీ అర్థం కాలేదు. నేను ఉద్యానశాఖలో ఉన్నన్నాళ్లూ "మా ఆవిడ మొక్కల ఆఫీసరు" అని దర్జాగా చెప్పుకునేవారు. రిటైరయ్యాక ఈ పనిలో చేరితే మాత్రం, బందరులో ఎవరు అడిగినా "ఏదోనండీ, బయటిదేశం వాళ్లతో కలిసి పొలాలు తిరుగుతుంది" అని మాట మార్చేసేవారు.

సంగతేమిటంటే, డబ్బున్న దేశాలవాళ్లు మనలాంటి దేశాల్లో కూరగాయలూ పళ్లూ ఎగుమతి చేసే చిన్న వ్యాపారులకి సాంకేతిక సాయం చేస్తుంటారు. సాయమంటే ఎక్కువగా పాఠాలే. కాయ ఏ సైజులో కొయ్యాలి, ఎలా చల్లబరచాలి, పురుగుమందు కొట్టాక కోతకి ఎన్నాళ్లు ఆగాలి, పెట్టె మీద ఏం రాయాలి, ఇలాంటివి. ఆ పాఠాలు ఎవరికైనా ఎక్కాయా లేదా చూసి మార్కులు వెయ్యడానికి మళ్లీ ఇంకొకళ్లని పంపిస్తారు. ఆ ఇంకొకళ్లకి దారి చూపించి, తెలుగు విడమరిచి చెప్పి, రైతులు వాళ్ల చెవిలో పువ్వులు పెట్టకుండా కాపలా కాసేదాన్ని నేను. రైతులతో నాకెప్పుడూ ఆ ఇబ్బంది రాలేదు. పువ్వులన్నీ ప్రాజెక్టువాళ్ల దగ్గరే ఉండేవి.

దివిసీమలో బెండకాయ ప్రాజెక్టు ఒకటి నడిచింది. కోడూరు వెళ్లే దారిలో ఒక షెడ్డు ఉండేది. అంతకుముందు అది రొయ్యల మేత దాచే గోడౌను. దానికి తెల్లటైల్స్ వేసి, లోపల ఒక చల్లగది కట్టి, ప్యాక్‌హౌస్ అని బోర్డు పెట్టారు. నడిపేది గుడివాడాయన. ట్రాక్టరు విడిభాగాల కొట్టు పెట్టుకుని సుఖంగా ఉన్న మనిషి, ఎవరో ఎక్కించగా ఎగుమతుల్లోకి దిగాడు. భార్యది కోడూరు పక్క ఊరే. ఆ చుట్టుపక్కల రైతులంతా ఆవిడకి అన్నయ్యలో బాబాయిలో అవుతారు కాబట్టి కాయ తేలిగ్గా దొరుకుతుందని ఆయన లెక్క.

ప్రాజెక్టువాళ్లు పాఠాలు చెబుతుంటే ఆయన వెనక బెంచీలో కూర్చుని నిద్రపోయేవాడట. ఈ మాట ఆయనే నాతో చెప్పాడు, ఏమాత్రం సిగ్గుపడకుండా. ఆవిడ మాత్రం ముందు కూర్చుని, మధ్యమధ్యలో లేచి ప్రశ్నలు వేసి, పాఠం చెప్పేవాళ్లకి చెమటలు పట్టించిందట. నెత్తిన టోపీ, చేతులకి గ్లవ్సులు పెట్టుకుని నవ్వుతున్న ఆవిడ ఫొటో ప్రాజెక్టు పుస్తకం అట్టమీద వేశారు. నవ్వమని ఎంత బతిమాలారో ఆవిడ చెబితే వినాలి.

ప్రాజెక్టు తరఫున ఒక కుర్ర ఆఫీసరు ఉండేవాడు. మంచి చురుకైనవాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, జేబులో ఎప్పుడూ రెండు ఫోన్లు. "ఇంపాక్ట్" అనే మాట లేకుండా మంచినీళ్లు కూడా అడగలేడు. నన్ను ఈ పనికి సిఫారసు చేసిందీ అతనే. పక్క జిల్లాలో ఇంకో పెద్ద ప్రాజెక్టు పరీక్షకి రాబోతోందనీ, ఆ పని కూడా నాకే ఇప్పిస్తాననీ కార్లో వెళ్తూ వెళ్తూ ఊరించాడు. "మీలాంటి సీనియర్లు మాకు కావాలి మేడమ్" అన్నాడు. నేను పొంగిపోయాను. పెన్షన్ వస్తున్నా సరే, ఎవరికైనా కావాలనిపించుకోవడం మనిషికి సరదాగానే ఉంటుంది.

ఇక మార్కులు వేసే మనిషి. చలిదేశం నుంచి వచ్చిన ఆరడుగుల ఆసామి. మేం చాటుగా దొరగారు అనేవాళ్లం. పెరుగన్నం ఇష్టంగా తినేవాడు, గేదెల్ని చూస్తే భయపడేవాడు, ఒకే ప్రశ్నని మూడువైపుల నుంచి తిప్పి తిప్పి అడిగేవాడు. మొదట్లో విసుగొచ్చింది. తర్వాత తెలిసింది, మొదటిసారి చెప్పే జవాబు ఎవరో నేర్పించిందని ఆయనకి బాగా తెలుసు.

మేం షెడ్డుకి వెళ్లే రోజునే లండన్‌కి లోడు వెళ్లాల్సి ఉంది. ఆ భార్యాభర్తలిద్దరూ "ఇవాళొద్దండీ, రేపు రండి" అని ఎంతో మొత్తుకున్నారట. కుర్ర ఆఫీసరు వినలేదు. నిజం లోడు కళ్లెదుట వెళ్తుంటే చూస్తే దొరగారు పడిపోతారని అతని ఆశ. పెడన నుంచి కలంకారీ శాలువా తెప్పించాడు, పూలదండ తెప్పించాడు, కొబ్బరిబోండాలు చెప్పి ఉంచాడు.

తీరా మేం కారు దిగేసరికి గేటు దగ్గర ఒక్క మనిషి లేడు. లోపల ఒకటే గోల. అంతకుముందు వరసగా వానలు పడి చేలల్లో నీళ్లు నిలబడ్డాయి. కూలీలు మోకాలిలోతు బురదలో దిగి కోసినా కాయ సగానికి సగం తగ్గింది. షెడ్డు ముందు పెద్ద లారీ, లోపల చిన్న కుప్ప. కోడూరు నుంచి ఆటోల్లో వచ్చిన ఆడవాళ్లు బల్లల చుట్టూ నిలబడి కాయలు ఏరుతున్నారు. వేలంత పొడుగు, వంకర ఉండకూడదు, చివర విరిస్తే టక్కుమనాలి. ఎగుమతి బెండకాయంటే అంత షోకు.

ఆఫీసరు హడావిడిగా తనే దొరగారికి దండ వేసి శాలువా కప్పాడు. మాఘమాసంలో కప్పుకోవాల్సిన శాలువా అది. ఆయన చెమట కారుతూనే నమస్కారం పెట్టాడు.

"టోపీ పెట్టుకోకుండా లోపలికి రాకూడదని చెప్పండి ఆయనకి!" అని లోపలనుంచి ఆవిడ కేక వేసింది. దండ, శాలువా, వాటిపైన ప్లాస్టిక్ టోపీ. ఆ అవతారంలో ఆయన ఎంతో సంతోషంగా ఒక మూల నిలబడి చూడసాగాడు.

గుడివాడాయన ఫోన్ చెవి నుంచి దించడంలేదు. హైదరాబాదులో విమానానికి సరుకు అందించాలంటే మధ్యాహ్నానికి లారీ కదలాలి. "ఇంకొంచెం కాయ వస్తోందండీ, వస్తోంది, దారిలో ఉంది" అని ఎవరికో నచ్చజెబుతున్నాడు. దారిలో ఏమీ లేదని ఆయన మొహమే చెబుతోంది.

అప్పుడు నిజంగానే వచ్చింది. గేటులోంచి ఒక ట్రాలీ ఆటో, దాన్నిండా క్రేట్లు. దిగినవాడు ఆవిడ సొంత తమ్ముడు. పాతికేళ్లు దాటినవాడు, నవ్వుమొహం.

"బావా, నువ్వు ఫోన్లో ఏడుస్తున్నావని తెలిసి తెచ్చా. మాది మెరక చేను, నీళ్లు నిలవలేదు. కాయ చూడు, గీత గీసినట్టుంది ఒక్కోటీ. ఎత్తించెయ్!"

కాయ నిజంగా అలాగే ఉంది. గుడివాడాయన మొహం వెలిగిపోయింది. బల్లల దగ్గరి ఆడవాళ్లు కూడా "అబ్బ, ఎంత బాగుందో" అన్నారు. కుర్ర ఆఫీసరు అయితే వెళ్లి అతని చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. లండన్ వెళ్లే కాయకి ముందుగా పొలంలోంచి శాంపిల్ తీసి ల్యాబులో పరీక్ష చేయిస్తారు. నమోదైన రైతుల పొలాలకే ఆ పరీక్ష. ఈ తమ్ముడి చేను ఆ నమోదులో లేదు. ఒకసారి పెట్టెలో సర్దేశాక ఏ కాయ ఎవరిదో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

ఆవిడ గ్లవ్సులు తీసి ఒక కాయ అందుకుంది. విరిచింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మందు ఎప్పుడు కొట్టావురా?"

"ఎప్పుడో కొట్టాలే."

"ఎప్పుడో అంటే?"

"ఎప్పుడో అంటే ఎప్పుడో! నువ్వు అక్కవా, పోలీసువా?"

"నిన్న నేను ఫోన్ చేస్తే మీ ఆవిడ ఏం చెప్పింది? మందు కొట్టొచ్చి తలనొప్పని పడుకున్నావని చెప్పలా? నీ మొహం తగలెయ్య, నా దగ్గరే అబద్ధమా?"

 గుడివాడాయన మధ్యలోకి వచ్చాడు.

"ఏమే, కాస్త చూసీ చూడనట్టు పోదాం. విమానంలో చోటు మొత్తానికి కట్టేశాం. సగం పంపిస్తే ఆ లండనాయన మళ్లీ మన మొహం చూస్తాడా?"

"దొరికిపోతే చూస్తాడా?"

"అన్ని పెట్టెలూ విప్పి చూస్తారేంటే?"

అప్పుడు కుర్ర ఆఫీసరు గొంతు తగ్గించి, "అక్కా, మీరనేది కరెక్టే. కానీ ఇవాళ లోడు నిండటం చాలా ముఖ్యం. మన టార్గెట్టే టన్నులు కదా. ఒకసారి బాగా కడిగించేస్తే సరిపోతుంది" అన్నాడు.

ఆవిడ అతనివైపు వింతగా చూసింది. "కడిగితే పోదని మీరే కదండీ చెప్పారు? బొమ్మ గీసి మరీ చూపించారుగా, కాయ లోపలికి ఎలా దిగుతుందో!"

దొరగారు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. భాష రాకపోయినా గొడవ గొడవలాగే కనిపిస్తుంది. "ఏమంటున్నారు?" అని నన్ను అడిగాడు.

నేను నోరు తెరిచేలోపు ఆఫీసరు ఇంగ్లీషులో అందుకున్నాడు. ప్రాజెక్టు విజయం చూసి కొత్త రైతులు కూడా తమంతట తామే వచ్చి చేరుతున్నారనీ, నాణ్యత మీద ఆరోగ్యకరమైన చర్చ జరుగుతోందనీ చెప్పాడు. చెబుతూ నావైపు చూశాడు. పక్క జిల్లా పని మొత్తం ఆ చూపులో ఉంది.

నేను మహా ధైర్యవంతురాలిని అని మీరు అనుకోకండి. ముప్ఫై ఏళ్లపైన గవర్నమెంటులో చేసినదాన్ని, తల ఊపడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఆ రోజు కూడా సగం ఊపాను. కానీ ఎదురుగా ఆవిడ చేతిలో విరిగిన కాయ పట్టుకుని నిలబడి ఉంది. మొగుడు ఒకవైపు, తమ్ముడు ఒకవైపు, పాఠాలు చెప్పిన పంతులు కూడా అవతలివైపే. ఆవిడవైపు ఎవరూ లేరు. నాకెందుకో ఒళ్లు మండింది.

"అలా కాదు" అని మొదలుపెట్టి విన్నది విన్నట్టు చెప్పేశాను. నిన్న కొట్టిన మందు, నమోదుకాని చేను, విమానంలో చోటు, కడిగించమన్న సలహా, అన్నీ. అనువాదంలో ఏదీ వదలకూడదని నా నియమం. అందుకని "నీ మొహం తగలెయ్య" దగ్గర కూడా ఆగాను. "ఆవిడ తన తమ్ముడి మొహానికి అగ్నిప్రమాదం జరగాలని కోరుకుంటోంది. ప్రేమతోనే" అన్నాను. దొరగారు దాన్ని కూడా రాసుకున్నాడు.

ఆఫీసరు రెండు ఫోన్లూ తీసి రెండింట్లోనూ ఒకేసారి ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

దొరగారు గుడివాడాయన్ని ఒకే ప్రశ్న అడిగాడు. "మేం ఇవాళ ఇక్కడ లేకపోతే ఏం చేసేవారు?"

"ఎక్కించేసేవాణ్ణండి" అన్నాడాయన, తడుముకోకుండా.

"ఎక్కించనిచ్చేదాన్ని కాదు" అంది ఆవిడ.

ఈ ప్రశ్న మీద మా వృత్తిలో లావుపాటి పుస్తకాలున్నాయి. సాయం చెయ్యకపోతే ఏమయ్యేదో తేల్చడం ఎలా అని పెద్ద పెద్దవాళ్లు తల బద్దలు కొట్టుకుంటారు. ఆ మొగుడూ పెళ్లాం టైల్స్ షెడ్డులో నిలబడి రెండు ముక్కల్లో తేల్చిపారేశారు.

ఆవిడ మొగుడివైపు తిరిగింది. "మన షెడ్డు ఎగుమతి నంబరు మీద ఎంతమంది కాయ వెళ్తోంది? మా బాబాయి, ఆ లాకుల దగ్గరి అన్నయ్య, కట్ట అవతలి వాళ్లు, అందరూ. ఒక్క పెట్టెలో మందు దొరికితే నంబరే కొట్టేస్తారు. వీడు నా తమ్ముడని వాళ్లందరి కాయా ఆపించమంటారా? రేపు వాళ్ల మొహం నేనెలా చూడనండీ?"

 ఆయన లారీవైపు చూసి, ఫోన్ తీసి, "సగమేనండీ. అవును, సగమే" అన్నాడు ఎవరితోనో. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో వాలిపోయిన ఆ మెడ చూస్తే తెలిసింది.

తమ్ముడు మొహం ఎర్రబడింది. "అంటే నా కాయ పనికిరాదా అక్కా? ఇంతమందిలో?"

"నీ కాయ బంగారంరా. నువ్వు కొట్టిన మందే..."

"చాల్లే. ఇంకెప్పుడైనా నీ షెడ్డు గడప తొక్కితే అడుగు."

విసురుగా వెళ్లి ఆటో ఎక్కి తిప్పాడు. తిప్పిన తిప్పుడికి వెనకచక్రం గేటు పక్క బురదలో పాతుకుపోయింది. ఎంత రెయిజ్ చేస్తే అంత కిందికి దిగుతోంది. అంత కోపంలో వెళ్లిపోవాల్సిన మనిషి అక్కడే ఉండిపోవాల్సి రావడం ఎంత అవమానమో ఆలోచించండి. ఎవరూ నవ్వలేదు. గుడివాడాయన ప్యాంటు పైకి మడిచి వెళ్లి వెనకనుంచి తొయ్యడం మొదలుపెట్టాడు. లారీ డ్రైవరు వెళ్లాడు. తర్వాత, ఎవరూ పిలవకుండానే, దొరగారు. దండ తీసి నా చేతికిచ్చాడుగానీ శాలువా సంగతి మర్చిపోయాడు. అందరూ కలిసి ఒక్క తోపు తోసేసరికి ఆటో గట్టెక్కింది, చక్రం చిమ్మిన బురదంతా ఆయన మీద పడింది. శాలువా మీది పెడన నెమళ్లన్నీ బురదలో మునిగాయి. తమ్ముడు వెనక్కి తిరిగి "థాంక్స్ సార్" అన్నాడు దొరగారితో. బావతో అనలేదు.

సగం లోడుతోనే లారీ కదిలింది. ఆడవాళ్లు బల్లలు కడుగుతున్నారు. ఆవిడ ఎక్కడా కనపడకపోతే వెనకవైపు వెళ్లాను. కుళాయి దగ్గర నిలబడి చేతులు కడుక్కుంటోంది. మళ్లీ తొడుక్కున్న గ్లవ్సులు తియ్యకుండానే కడుక్కుంటోంది. నన్ను చూసి కుళాయి కట్టేసింది.

"వాడు నా చంకలోనే పెరిగాడండీ" అంది.

 మళ్లీ కుళాయి తిప్పాను, నా చేతులూ కడుక్కున్నాను. షెడ్డులో తగిలిన బెండకాయ నూగుకి దురదగా కూడా ఉంది.

తమ్ముడు ఆ కాయ ఏం చేశాడంటారా? తిన్నగా బందరు మార్కెట్టుకి తోలాడు. హాట్ కేకుల్లా పోయిందట. లండన్‌వాళ్ల పొట్టలకి ల్యాబులున్నాయి. మన పొట్టలకి మనమే ల్యాబులం. మా ఆయనకి బెండకాయ వేపుడంటే ప్రాణం. ఆ వారమంతా ఏదో వంక చెప్పి దొండకాయే వండాను. దాని మీద ఏం కొట్టారో నాకు తెలియదు కాబట్టి ఇద్దరం హాయిగా తిన్నాం.

తిరుగుదారిలో కార్లో ఆఫీసరు రెండు ఫోన్లూ మార్చి మార్చి చూసుకున్నాడు. దొరగారు మాత్రం బురద ఎండి చిట్లుతున్న శాలువాతోనే కూర్చుని ఆపకుండా రాసుకున్నాడు. రిపోర్టులో ఆ రోజు గురించి ఒక పేజీ నిండా రాశాడు. ఈ ప్రాజెక్టు నేర్పింది ఒక మనిషిలో నిజంగా నాటుకుందనడానికి ఇంతకంటే రుజువు తన ఉద్యోగంలో చూడలేదన్నాడు. నాకు చదివి వినిపించాడు కూడా. బాగుంది.

ఆ పేజీ పెద్దాఫీసుకి వెళ్లింది. కాయని తిప్పి పంపడానికి మా దగ్గర ఇండికేటర్, అంటే మార్కులు వేసే కొలమానం, లేదన్నారు వాళ్లు. ఉన్న ఇండికేటర్ టన్నులే, ఆ రోజు టన్నులు సగమే. దొరగారు ఫోన్లో వాళ్లతో పోట్లాడాడు, ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. చివరికి ప్రాజెక్టుకి "పాక్షికంగా అసంతృప్తికరం" అని మార్కు పడింది. ఆయన పేజీ నలిగి నలిగి అడుగున చిన్న అక్షరాల్లో ఒక్క వాక్యంగా మిగిలింది. కుటుంబ కారణాలవల్ల ఒక ఎగుమతిదారు ఆ రోజు సరఫరా తగ్గించుకున్నారట! ఎవరు రాశారోగానీ అందులో ఒక్క అబద్ధం లేదు. అలా రాయడం కూడా ఒక విద్యే, నేర్చుకోండి.

కుర్ర ఆఫీసరుకి ప్రమోషన్ వచ్చి ఇంకేదో దేశం వెళ్లాడు. పక్క జిల్లా పనికి ఎవరినో పిలిచారు. ఆ ఎవరో నేను కాదు.

కొన్నాళ్లయ్యాక కోడూరు వైపు ఒక పెళ్లికి వెళ్తూ షెడ్డు దగ్గర దిగాను. మూతపడి ఉంటుందనే అనుకున్నాను. లేదు, నడుస్తోంది. లండనాయన అలిగి వెళ్లిపోయాడట. ఇప్పుడు దుబాయికి చిన్న చిన్న పెట్టెలు పంపిస్తున్నారు, బెండకాయతోపాటు దొండకాయ కూడా. గుడివాడాయన కాస్త సన్నబడ్డాడు. విడిభాగాల కొట్టు మళ్లీ తెరిచి పొద్దుటిపూట అక్కడ కూర్చుంటున్నానన్నాడు.

"మీ బావమరిది మాట్లాడుతున్నాడా?" అని అడిగాను.

"మా అమ్మాయి ఓణీల ఫంక్షనుకి రాలేదండీ. ఆవిడ ఆ రోజంతా గుమ్మంవైపే చూసింది. తర్వాత ఒకరోజు తనే వాడి చేలోకి వెళ్లి గట్టు మీద కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. ఈ ఏడు వాడూ నమోదయ్యాడు. కాయ తెస్తాడు, గేటు బయటే ఆటోలో కూర్చుని హారన్ కొడతాడు. గడప తొక్కనన్నాడుగా. మేమే వెళ్లి దించుకోవాలి, వెధవ పౌరుషం!" అని నవ్వాడు.

ఆవిడ లోపల బల్ల దగ్గర ఉంది. టోపీ పెట్టుకుని వెళ్లాను. కుశలప్రశ్నలయ్యాక తనే అడిగింది. "మేడమ్ గారూ, ఆ దొరగారు మాకు ఎన్ని మార్కులేశారండీ? ఎవరూ చెప్పలేదు."

దాచడమెందుకని చెప్పేశాను. "పాక్షికంగా అసంతృప్తికరం."

"అసంతృప్తి ఎవరికండీ?"

 ఆవిడ నా జవాబు కోసం ఆగలేదు. కాయల ట్రే ఒకటి నావైపు జరిపింది.

"ఖాళీగా నిలబడ్డారుగా, కాస్త ఏరండి. ఇవాళ ఇద్దరు రాలేదు."

పెళ్లికి కట్టుకున్న పట్టుచీర కొంగు దోపుకుని కూర్చున్నాను. ఇన్నేళ్లు మొక్కల ఆఫీసరుగా చేసినదాన్ని, ఇన్ని దేశాల బెండకాయల గురించి రిపోర్టులు చదివినదాన్ని. శ్రద్ధగా ఏరి, ట్రే నింపి, ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ నా మొహం చూడకుండా ట్రేలోకి వంగి, వంకరవీ ముదురువీ ఒక్కొక్కటే తీసి పక్కన పడేసింది. చూస్తుండగానే సగం ట్రే ఖాళీ అయింది.

"పర్లేదండీ" అంది. ఇంకో ట్రే జరిపింది.